గచ్చు

పాలమూరులోనైనా నల్లగొండలోనైనా గచ్చు అంటే ఇప్పుడు సిమెంటు నేల. ఈ మాట సిమెంటు కంటే చాలా పాతది. పారసీకంలో ‘గచ్’ అంటే జిప్సం, గోడకు పూసే పూత. దక్కనీ ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చి, చివర ‘ఉ’ చేర్చుకుని తెలుగైపోయింది. ముళ్ల తీగకు కాసే గచ్చకాయతో దీనికి చుట్టరికం లేదు.

చిత్రమేమిటంటే, మాటతో పాటు జిప్సం రాలేదు. మన మేస్త్రీలు ఆ పేరును సున్నానికి పెట్టుకున్నారు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరిచి, ఇసుక కలిపి గానుగలో ఎద్దులతో రుబ్బించేవారు. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారు. ఇదే డంగు సున్నం. ఆ పేరు వింటే దంచడం, దంగుడు బియ్యం గుర్తొస్తాయి కదా! పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ రాయవుతుంది. సిమెంటులా తొందరపడదు, గోడలోని చెమ్మనూ బంధించదు. 1591 నాటి చార్మినార్ మీది పువ్వులూ లతలూ ఈ గచ్చు పనే.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలకు పోతోంది. గానుగలు చాలావరకు ఆగిపోయాయి. పాత కోటలకు, గుళ్లకు మరమ్మతులు చేసేటప్పుడు మాత్రం డంగు సున్నమే కావాలి. పాత గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు దారి మూసినట్టే.