పేగు నుంచి నెత్తురు దాకా

పొట్టలోని సూక్ష్మజీవులకూ రక్త క్యాన్సరుకూ సంబంధం ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు అంటున్నారని చెబితే, మా బడిలో ఒక మిత్రుడు "పేగెక్కడ, నెత్తురెక్కడ మాస్టారూ!" అని నవ్వారు. నాకు మాత్రం డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు వచ్చారు.

1895లో భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసులో వైద్యం చదివారు. ఇద్దరు సోదరులను సంగ్రహణి పొట్టన పెట్టుకుంది. ఇంగ్లీషు వైద్యంలో దాని పేరు స్ప్రూ. తిన్న తిండిని పేగు ఒంటికి పట్టనివ్వదు. విరేచనాలు, నోటిపూత, చివరకు నెత్తురు పలచబడటం. సుబ్బారావుగారికీ ఆ జబ్బే వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో గట్టెక్కారు. 1920ల ఆరంభంలో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. 1945 నాటికి అక్కడి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే ఈ విటమినును మన పేగులోని కొన్ని సూక్ష్మజీవులు కూడా తయారుచేస్తాయి. సంగ్రహణి తెచ్చే రక్తహీనతకు అది మందయింది.

కథ ఇక్కడే మలుపు తిరిగింది. బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇలాంటి పదార్థాలే ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా పెచ్చు పెరిగినట్టు కనిపించింది. పెంచేది ఇదైతే, దీన్ని అడ్డుకునేది కావాలి గదా! సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ను అందించింది. 1948 జూన్లో ఫార్బర్ ఫలితాలు వెలువడ్డాయి: 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతవరకు ఆ పిల్లల తల్లిదండ్రులకు వైద్యులు చెప్పగలిగిన మంచిమాట ఏదీ లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేటును నేటికీ వాడుతున్నారు.

పరిశోధన ఇప్పుడు మళ్లీ పేగు దగ్గరికే వచ్చింది. టెట్2 అనే జన్యువు లోపించిన ఎలుకల్లో సూక్ష్మజీవులు పేగు గోడ దాటినప్పుడు ఒంట్లో వాపు పుట్టి, రక్తకణాలు క్యాన్సరుకు ముందు మెట్టులాగా అదుపు తప్పి పెరిగాయని 2018లో తేలింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో ఆ పెరుగుదల రాలేదు.

స్థూలకాయం సంగతీ ఇంచుమించు ఇదే. అదనపు కొవ్వు ఒంట్లో సన్నని మంటలాంటి వాపును రగిలిస్తూనే ఉంటుంది. అధిక కొవ్వుతో ముడిపడిన 13 క్యాన్సర్లలో మూలుగకు వచ్చే మల్టిపుల్ మైలోమా ఒకటని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు 2016లో నిర్ధారించారు. అలాగని లావుగా ఉన్నవారందరికీ అది వస్తుందని కాదు. ఎలుకలో కనిపించిందల్లా మనిషికి వర్తించదు కూడా.

మా మిత్రుడికి ఇదంతా చెప్పాను. "మద్రాసులో చదివినాయనేనా!" అన్నారు.