పాత తూటాకు కొత్త భుజాలు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల పాడి రైతుకు వుడ్‌చక్ అంటే మన రైతుకు పందికొక్కు లాంటిదే. కాకపోతే ఇంకా పెద్దది, నాలుగైదు కిలోలు తూగుతుంది. ఉడుత జాతి జంతువు. గడ్డిచేలలో బొరియలు తవ్వుతుంది, చిక్కుడు మొక్కల్ని మొదలంటా కొరికేస్తుంది. ఆ బొరియలో ఆవు కాలు దిగబడితే విరిగినా విరగొచ్చు. ఇలా పంటకూ పశువుకూ చెరుపు చేసే జంతువుల్ని అక్కడ 'వార్మింట్'లు అంటారు. వాటిని కొట్టడానికి తుపాకి పట్టుకుని వచ్చేవాణ్ణి రైతు పొలంలోకి రానిచ్చేవాడు. అలాగని అతని బెంగలు అతనికి లేకపోలేదు. మోతకు పాడి పశువులు బెదరకూడదు, గుండు రాయికి తగిలి ఎగిరి పక్కింటి మీద పడకూడదు.

ఈ అవసరానికి సరిగ్గా అతికిన తూటా 22 హార్నెట్. దాని మూలం 1880ల నాటి వించెస్టర్ తూటా. నల్ల తుపాకిమందు కాలానిది, చిన్నది, నెమ్మదైనది. 1920ల చివర స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం చుట్టూ తిరిగే కొందరు, ముఖ్యంగా కెప్టెన్ వాట్కిన్స్, కర్నల్ టౌన్సెండ్ వేలెన్ వంటివారు, ఆ పాత ఇత్తడి గుల్లలో పొగరాని మందు కూరి, పైన పలచని తొడుగున్న గుండు పెట్టి చూశారు. మూడు గ్రాములకు కాస్త తక్కువ బరువుండే ఆ గుండు తగలగానే చితికిపోతుంది, రాయి మీద పడ్డా ఎగరడం అరుదు. మోత కూడా తక్కువే. 1930లో వించెస్టర్ కంపెనీ తూటాలను అమ్మకానికి పెట్టింది. విచిత్రమేమంటే అప్పటికి వాటిని పేల్చే రైఫిల్‌ను ఏ కంపెనీ తయారు చేయడం లేదు. తూటా ముందొచ్చింది, తుపాకి తరవాత వచ్చింది. ఈలోగా ఆగలేనివాళ్ళు సైన్యం సాధన కోసం వాడే చిన్న 22 రైఫిళ్ళను మిస్త్రీల దగ్గరకు పట్టుకెళ్ళి, హార్నెట్ పట్టేలా చాంబర్‌ను, అంటే గొట్టం వెనక చివర తూటా కూర్చునే గదిని, తొలిపించుకున్నారు. అంటే హార్నెట్ చరిత్రే చాంబర్ మార్పిడితో మొదలైంది.

నూట యాభై గజాల దాకా హార్నెట్‌కు తిరుగులేదు. ఆ తరవాతే గుండు జారిపోవడం మొదలుపెడుతుంది. ఇంకా దూరం కావాలనుకునేవాళ్ళకు 1935లో వించెస్టరే 220 స్విఫ్ట్ తెచ్చింది. సెకనుకు నాలుగు వేల అడుగులు దాటే వేగం! కానీ దానికి కొత్త రైఫిల్ కొనాలి, తూటా ధర ఎక్కువ, గొట్టం త్వరగా అరిగిపోతుందన్న ఫిర్యాదులు వేరే. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజులు. ఉన్న హార్నెట్‌ను పక్కన పెట్టి మరొకటి కొనే స్తోమత ఎంతమందికుంటుంది?

1940లో న్యూయార్క్ రాష్ట్రం వైట్స్‌బరోకు చెందిన తుపాకి మిస్త్రీ లైల్ కిల్‌బోర్న్ దీనికో దారి చూపాడు. హార్నెట్ గుల్లను చేతిలోకి తీసుకుని చూస్తే అడుగు నుంచి మెడ దాకా గోడలు వాలుగా సన్నబడుతూ పోతాయి. భుజం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఆ గోడల్ని దాదాపు నిటారుగా నిలిపి, భుజాన్ని పదునుగా తిప్పితే లోపల మరికొంచెం మందుకు చోటు దొరుకుతుంది. అతని పేరు మీదుగా దాన్ని 'కె-హార్నెట్' అన్నారు.

ఇందులో అసలు తెలివి ఆకారంలో కాదు, అది అమలయ్యే పద్ధతిలో ఉంది. చాంబర్ ఉక్కును తొలచగలం గానీ తిరిగి అతికించలేం. కాబట్టి కొత్త ఆకారం పాత ఆకారాన్ని అన్ని వైపులా తనలో ఇముడ్చుకోవాలి. కె-హార్నెట్ సరిగ్గా అలాంటిది. గొట్టాన్ని లేత్‌కు బిగించి, కొత్త ఆకారంలో ఉన్న రీమర్‌ను, అంటే తొలిచే పనిముట్టును, నూనె పోస్తూ, మాటిమాటికీ బయటికి తీసి రజను తుడుస్తూ నడిపిస్తే పని పూర్తవుతుంది. గొట్టం మారదు, తుపాకి మారదు. అంగడిలో కొన్న మామూలు హార్నెట్ తూటానే అందులో పెట్టి పేల్చవచ్చు. పేలిన క్షణంలో మెత్తని ఇత్తడి ఉబ్బి కొత్త గోడలకు అదుముకుంటుంది, బయటికి వచ్చేటప్పుడు కొత్త భుజాలతో వస్తుంది. ఆ గుల్లకు కొత్త ప్రైమర్, మందు, గుండు ఇంటి దగ్గరే అమర్చుకుంటే అదే కె-హార్నెట్ తూటా. ఆ మొదటి పేలుడు కూడా వృథా పోదు, వుడ్‌చక్ మీదే ఖర్చు పెట్టుకోవచ్చు.

హార్నెట్‌కు ఈ మార్పు సులువుగా అబ్బడానికి ఇంకో కారణముంది. ఆ తూటా అడుగున చుట్టూ పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. అదే తూటాను చాంబర్‌లో తన చోట ఆపుతుంది, కాబట్టి భుజం ఎక్కడికి జరిగినా ఫరవాలేదు. అంచులేని తూటాలతో అలా కాదు. వాటిని ఆపేది భుజమే. ఊరికే రీమర్ తోసేస్తే పాత తూటా లోపల వదులుగా ఆడుతుంది, పేలినప్పుడు గుల్ల అడుగు దగ్గర సాగి తెగే ప్రమాదముంది. మహా ఒత్తిడిలో ఉన్న వాయువు వెనక్కి తన్నుకొస్తే కాల్చేవాడి ముఖం మీదికే. అందుకే తెలిసిన మిస్త్రీ గొట్టాన్ని ఒక మర మేర వెనక్కి జరిపి, పాత తూటా మెడ-భుజం కలిసేచోట నాలుగు థౌ బిగుతు ఉండేలా కోస్తాడు. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. ఇలాంటి పని రీమర్ అద్దెకు దొరికిన ప్రతివాడూ చేసేది కాదు.

ఈ పనిని ఒక శాఖగా నిలబెట్టినవాడు పార్కర్ ఆటో ఆక్లీ. 1903లో పుట్టాడు, 1936లో ఆరెగాన్‌లో తుపాకుల దుకాణం పెట్టాడు, రెండో ప్రపంచ యుద్ధం తరవాత కొలరాడోలోని ట్రినిడాడ్ కళాశాలలో తుపాకి పని నేర్పాడు. నలభై డిగ్రీల భుజం, దాదాపు నిటారు గోడలు అతని గుర్తు. దొరికిన ప్రతి తూటాకూ ఆ ఆకారమిచ్చి చూశాడు. 'మాటతో కాదు, పేల్చి చూద్దాం' అనే రకం మనిషి. నిటారు గోడల గుల్ల చాంబర్‌ను గట్టిగా పట్టుకుంటుందనీ, వెనక తలుపులా మూసే బోల్టు మీద పడే తోపుడు తగ్గుతుందనీ చూపడానికి, వించెస్టర్ 94 రైఫిల్‌లో తలుపును బిగించి ఉంచే భాగాన్నే తీసేసి పేల్చాడు! గుల్ల కదల్లేదు. దీన్ని చదివి ఒత్తిడి ఎంత పెంచినా ఏమీ కాదనుకున్నవాళ్ళు తరవాత చాలామందే తయారయ్యారు. ఆ తప్పు ఆక్లీది కాదంటాను. సైనిక రైఫిళ్ళను పేలిపోయేదాకా పరీక్షించి, వాటి హద్దులెక్కడున్నాయో రాసిపెట్టినవాడూ అతనే.

వేగం లెక్కల దగ్గర మాత్రం ఆ కాలాన్ని అంతగా నమ్మలేం. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మామూలు వేటగాడికి అందని రోజుల్లో, ఎవరి రైఫిల్ వేగం వాళ్ళ నోట్లో ఉండేది. యంత్రం చేతికొచ్చాక చాలా ప్రగల్భాలు దిగివచ్చాయి. కె-హార్నెట్‌తో సెకనుకు ఒకటి రెండు వందల అడుగులు, మహా అయితే ఇంకాస్త కలిసొస్తుంది, అంతే. మైదానంలో అది మరో పాతిక గజాల దూరం. గోడలు బాగా వాలుగా ఉన్న పాత తూటాలకు లాభం కనిపిస్తుంది, మొదటే నిటారుగా పుట్టినవాటికి పెద్దగా మిగిలేదేమీ లేదు. నన్నడిగితే వేగం కన్నా గుల్ల మన్నికే ఎక్కువ విలువైంది. మామూలు హార్నెట్ ఇత్తడి పలచన, నాలుగుసార్లు పేల్చేసరికి సాగి పొడవైపోతుంది, కత్తిరించుకుంటూ ఉండాలి. నిటారు గోడలతో ఆ సాగుడు తగ్గుతుంది. పొదుపు మనిషికి ఇది వేగం కన్నా పెద్ద లాభం.

మిస్త్రీల దుకాణాల్లో పుట్టిన తూటాల్లో కొన్ని కంపెనీల గడప కూడా తొక్కాయి. ముప్పైలలో సొంత ప్రయోగంగా మొదలైన 22-250ను రెమింగ్టన్ 1965లో తన తూటాగా చేసుకుంది. ఆక్లీ రూపకల్పనల్లో ఒకటైన 280 ఇంప్రూవ్డ్‌కు 2007లో పరిశ్రమ ప్రమాణం దక్కింది. అప్పటికి ఆక్లీ పోయి పద్దెనిమిదేళ్ళు. కె-హార్నెట్‌కు ఆ యోగం పట్టలేదు, బహుశా దానికి అక్కర కూడా లేదు. మామూలు హార్నెట్ తూటాలు అంగట్లో ఉన్నంతకాలం దానికి తిండి దొరికినట్టే.

ఇప్పుడు ఈ తుపాకుల బేరం తమాషాగా నడుస్తుంది. పాత వించెస్టర్‌ను యథాతథంగా కోరే సేకర్త, చాంబర్ తొలిచిందని తెలియగానే ధర తగ్గించి అడుగుతాడు. కాల్చడానికి కొనేవాడు అదే తుపాకిని ఆ తగ్గిన ధరకే తీసుకుపోతాడు. కొనేముందు మాత్రం గొట్టం మీద పాత ముద్ర పక్కన కొత్త ముద్ర కొట్టారో లేదో చూసుకోవాలి. కొట్టకపోతే, ఒక తూటా పేల్చి బయటికొచ్చిన గుల్ల భుజం చూస్తే చాలు, తెలిసిపోతుంది.