ఆదిలాబాద్–కరీంనగర్ ప్రాంతం: రుతువులు, యాత్రాకాలం

గోదావరికి ఉత్తరాన పూర్వపు ఆదిలాబాద్ జిల్లా, దక్షిణాన పూర్వపు కరీంనగర్ జిల్లా ఉన్నాయి. 2016 అక్టోబరులో ఈ రెండూ పలు జిల్లాలుగా విడిపోయినా, వాతావరణం విషయంలో పాత హద్దులతో చెప్పుకోవడమే సులువు. సహ్యాద్రి శాఖలైన గుట్టలు, టేకు అడవులు, జలపాతాలు ఉన్నందువల్ల ఆదిలాబాద్‌ను ‘తెలంగాణ కశ్మీర్’ అనడం పరిపాటి. ఆ పేరు విన్నవారు గుట్టల ప్రాంతం గనుక ఏడాది పొడవునా చల్లగా ఉంటుందని అనుకోవడం సహజం. లభ్యమైన వివరాలు మాత్రం ఆ అభిప్రాయాన్ని బలపరచవు. ఇక్కడి చల్లదనం ఎత్తు వల్ల కలిగింది కాదు, కాలాన్ని బట్టి వచ్చిపోయేది. అందుచేత యాత్రికుడు ముందుగా చూసుకోవలసింది నెలను, ఆ తర్వాత పూటను.

ఆదిలాబాద్, కరీంనగర్ పట్టణాలు రెండూ సముద్రమట్టానికి సుమారు 260–270 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. ఎత్తు ఒకటే అయినా చలికాలపు రాత్రులు ఆదిలాబాద్‌లోనే ఎక్కువ చల్లగా ఉంటాయి. సిర్పూర్ (యు), గిన్నెధరి వంటి చోట్ల కనిష్ఠ ఉష్ణోగ్రత కొన్ని ఏళ్లలో 5 డిగ్రీల లోపుకు దిగింది. సముద్రానికి దూరంగా ఉండడం, ఉత్తరం నుంచి వీచే పొడిగాలి, మబ్బులేని ఆకాశం ఇందుకు ప్రధాన కారణాలు. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి త్వరగా పోతుంది, బరువైన చల్లగాలి గుట్టల నడుమ లోయల్లోకి జారి నిలుస్తుంది. పర్వత దేశమైన స్విట్జర్లాండ్‌లోనూ ఇలాగే జరుగుతుంది. అక్కడ 1987 జనవరి 12న మైనస్ 41.8 డిగ్రీలు నమోదైన లా బ్రెవీన్ సుమారు 1,040 మీటర్ల ఎత్తులోని లోయ గ్రామమే గాని శిఖరం కాదు. చలికి అడవే కారణమనే వాదన కూడా ఉంది. దానికి కొంత పాత్ర ఉండవచ్చు గాని, పత్తి చేలు పరచుకున్న బేల వంటి నల్లరేగడి మైదానాల్లోనూ చలి తీవ్రంగానే ఉంటుంది కనుక మొదటి వివరణే ఎక్కువ సమంజసం.

ఇక్కడి వాతావరణానికి ఎత్తు కారణం కాదన్న సంగతిని ఎండకాలం మరోవైపు నుంచి రుజువు చేస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ ఉష్ణోగ్రత కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఇక్కడి గుట్టలు కిలోమీటరు ఎత్తుకు చాలా దిగువనే ఆగిపోతాయి గనుక ఆ లాభం రెండు మూడు డిగ్రీలకు మించదు. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఆదిలాబాద్‌లోనూ రామగుండంలోనూ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రామగుండం వేడికి బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రమే కారణమని తరచూ అంటారు. స్థానికంగా వాటి ప్రభావాన్ని కొట్టిపారేయలేం. కానీ గనులు లేని నిజామాబాద్‌లోనూ ఎండ ఇంచుమించు ఇంతే కాస్తుంది కనుక మూలకారణం ప్రాంతమంతటికీ ఉమ్మడిదే అనుకోవాలి. కొండగట్టులో పెద్ద హనుమాన్ జయంతి వైశాఖ బహుళ దశమినాడు, సరిగ్గా ఈ వేడిలోనే వస్తుంది. కాలినడకన వెళ్లే దీక్షాపరులు తెల్లవారుజామునే నడక ముగించుకోవడం మేలు.

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో, మృగశిర కార్తె వేళకు చేరతాయి. ఏటా ఆదిలాబాద్‌లో సుమారు 1,100 మి.మీ.కు పైగా, కరీంనగర్‌లో సుమారు 900–1,000 మి.మీ. వాన పడుతుంది. ఇందులో అత్యధిక భాగం సెప్టెంబరులోపే కురుస్తుంది. కడెం వాగు మీది కుంటాల జలపాతం ఎత్తు 147 అడుగులని కొందరు, 200 అడుగులని కొందరు రాశారు. నీరు మెట్లుమెట్లుగా దూకుతుంది గనుక ఎక్కడి నుంచి కొలవాలన్న దాన్ని బట్టి లెక్క మారి ఉండవచ్చు. మొదటి అంకే ఎక్కువ ప్రచారంలో ఉంది. ముసురు పట్టినప్పుడు జలపాతం నిండుగా ఉంటుందని అప్పుడే వెళ్లమనేవారున్నారు. ఆ సలహా ప్రమాదకరం. 2022 జులైలో ఇదే వాగు దిగువనున్న కడెం ప్రాజెక్టుకు దాని విడుదల సామర్థ్యాన్ని మించిన వరద వచ్చింది. ఎగువన పడ్డ వాన గంటల్లోనే కిందికి దిగుతుంది, రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి. వాన తెరిపిచ్చి, వాగులో నీరు తగ్గని సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు కుంటాల, పొచ్చెర జలపాతాలు చూడడానికి అనువైన కాలం.

అయితే అన్నిటికీ ఒకే మంచి కాలమంటూ లేదు. కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర పుష్య అమావాస్యనాడు, చలి ఇంకా వదలని రోజుల్లో మొదలవుతుంది. జాతరకు గోదావరి జలం తెచ్చే మెస్రం వంశీయులు మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఆ రాత్రుల్లో అక్కడ ఉండదలచినవారికి ఉన్నిబట్టలు, కంబళి తప్పనిసరి. మధ్యాహ్నానికి మాత్రం నూలుబట్టలే చాలు. 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యంలో ఆకు రాలి, నీటికుంటలు తగ్గే వేసవి ఆరంభంలో జంతువులు కనిపించే అవకాశం ఎక్కువ. ఈ మూడు అవసరాలకు మూడు వేర్వేరు కాలాలు కావాలి కనుక, ‘అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు’ అనే వాడుక సలహా సగటు యాత్రికుడికి సరిపోయినా, చూడదలచినదాన్ని బట్టి నెలను ఎంచుకోవడమే సరైన పద్ధతి.