ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ గూడు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ రిపేరు దుకాణం బల్ల చూసినా, వేర్వేరు కాలాల ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే పడి ఉంటాయి. ఒకదానికి అడుగున ఒక్క స్క్రూ తీస్తే హార్డ్ డిస్క్ పక్క నుంచి జారి బయటికొస్తుంది. ఇంకోదానికి, మణికట్టు ఆనించే చోటికి సరిగ్గా కింద, చిన్న మూత ఉంటుంది. మూడోదానికి అడుగు పలక మొత్తం ఊడదీస్తే తప్ప బోర్డు మీద పడుకున్న వేలెడంత కార్డు కనబడదు. నాలుగోదాన్ని ఎంత విప్పినా డ్రైవ్ అనే వస్తువే దొరకదు. నాలుగూ చేసే పని ఒకటే. డ్రైవ్ ఉండే చోటు మాత్రం ఇన్ని తీర్లుగా ఎందుకు మారింది? కొత్త ఎస్‌ఎస్‌డీ కొని తెచ్చుకుని, ల్యాప్‌టాప్ తిరగేసి, ఎక్కడ పెట్టాలో తెలియక కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న వచ్చి ఉంటుంది. దాని జవాబు డెబ్బై ఏళ్ల కిందట మొదలవుతుంది.

1956లో ఐబీఎం వారి శాన్‌హోసే ప్రయోగశాలలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వాన తయారైన తొలి డిస్క్ యూనిట్‌కు గూడు అనేదే లేదు. దానికి గది కావాలి. 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు 50, దాదాపు టన్ను బరువు, అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక ఫొటోకు ఆ జాగా బొటాబొటిగా సరిపోతుంది. డిస్క్‌ను యంత్రం లోపల ఎక్కడో ఒక మూల ఇరికించవచ్చునన్న ఊహ రావడానికి ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఊహ వచ్చింది కూడా హార్డ్ డిస్క్ కోసం కాదు, ఫ్లాపీ కోసం. 1976లో షుగార్ట్ అసోసియేట్స్ కంపెనీ 5.25 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ తెచ్చింది. చిన్న కంప్యూటర్ల ముందు భాగంలో దానికని ఒక నలుచదరపు ఖాళీ వదలడం మొదలైంది. ఆ కంపెనీకి తన పేరు పెట్టిన అలన్ షుగార్టే తర్వాత సీగేట్‌ను స్థాపించిన వారిలో ముఖ్యుడు. 1980లో సీగేట్ తెచ్చిన ఎస్‌టీ-506 హార్డ్ డిస్క్ పట్టేది 5 ఎంబీ మాత్రమే. కానీ దాని కొలతలు సరిగ్గా ఆ ఫ్లాపీ డ్రైవ్ కొలతలే. ఫ్లాపీ ఊడదీసి అదే ఖాళీలో అదే మరలతో బిగించుకోవచ్చు. 1983 మార్చిలో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో జరిగింది అదే: రెండు ఫ్లాపీల చోటున్న పెట్టెలో ఒకటి పోయి 10 ఎంబీ హార్డ్ డిస్క్ వచ్చి కూర్చుంది.

ఈ చరిత్రకంతటికీ తాళం చెవి నాకు ఇక్కడే కనిపిస్తుంది. పాత ఇళ్ల గోడల్లో దీపం కోసం కట్టిన గూట్లో ఇవాళ ఫోన్ చార్జర్ ఉన్నట్టే, కొత్త డ్రైవ్ చాలాకాలం పాటు తనకోసం కట్టిన చోటికి రాలేదు. ఎవరో ఖాళీ చేసిన చోటికి, ఆ చోటి కొలతలకు తనను తాను కుదించుకుని వచ్చింది. 3.5 అంగుళాల కథ కూడా అంతే. సోనీ 3.5 అంగుళాల ఫ్లాపీ వ్యాప్తిలోకి వస్తున్న రోజుల్లో, 1983లో, స్కాట్లండ్‌కు చెందిన రోడైమ్ అనే కంపెనీ అదే కొలతలో హార్డ్ డిస్క్ చేసింది. ఆ కొలత తమదేనంటూ రోడైమ్ పేటెంట్ పట్టుకుని పెద్ద కంపెనీలతో ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడింది. ఒక ఖాళీ జాగా కొలత మీద అంత గొడవ జరిగిందంటే, ఆ కొలతకు ఉన్న విలువ అర్థమవుతుంది.

ల్యాప్‌టాప్ దగ్గరికి వస్తే, పుస్తకంలా మడిచే తొలి యంత్రాల్లో ఒకటైన గ్రిడ్ కంపాస్‌లో 1982లో తిరిగే డిస్కే లేదు. కదిలే భాగాలు లేని బబుల్ మెమరీ ఉండేది. ఖరీదు ఎక్కువ, పట్టేది తక్కువ, అందుకే ఆ దారి మూసుకుపోయింది. 1986లో తోషిబా టీ3100 10 ఎంబీ హార్డ్ డిస్క్‌తో వచ్చింది గానీ, దానికి బ్యాటరీ లేదు. గోడ ప్లగ్గు ఉన్నచోటే పని. 3.5 అంగుళాల డిస్క్ ల్యాప్‌టాప్‌కు ఇంకా పెద్దదే, కరెంటు కూడా ఎక్కువే తాగేది.

దారి తెరిచింది అమెరికాలోని కొలరాడోకు చెందిన చిన్న కంపెనీ ప్రెయిరీటెక్. 1988లో 20 ఎంబీ పట్టే 2.5 అంగుళాల డ్రైవ్‌ను అది తొలిసారి బజారులోకి తెచ్చింది. కంపెనీ కొన్నేళ్లకే మూతపడింది, కొలత మాత్రం దాదాపు ముప్పై ఏళ్లు ల్యాప్‌టాప్‌లను ఏలింది. 2.5 అంగుళాలు లోపలి పళ్లేనికి పెట్టిన పేరు. బయటి డబ్బా వెడల్పు 69.85 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 100. ఈ రెండు అంకెలూ డ్రైవ్ కొలతలను ఖరారు చేయడానికి 1990లో ఏర్పడిన ఎస్‌ఎఫ్‌ఎఫ్ కమిటీ పుణ్యమా అని అందరికీ ఒకటే అయ్యాయి. స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, కనెక్టర్ ఏ మూలన ఉండాలి అన్నవి కూడా కాగితం మీదికెక్కాయి. మారింది మందం ఒక్కటే: మొదట్లో 19 మిల్లీమీటర్లు, తర్వాత 12.5, ఎక్కువ కాలం 9.5, చివరికి 7. ఇప్పటికీ పాత ల్యాప్‌టాప్‌లో కొత్త 7 మిల్లీమీటర్ల డ్రైవ్ పెడితే లోపల కాస్త లొడలొడలాడుతుంది. దాన్ని నింపడానికే కొన్ని డ్రైవ్‌లతో సన్నని ప్లాస్టిక్ చట్రం ఇస్తారు. పారేయకండి.

ఆ డ్రైవ్ మణికట్టు కిందికే ఎందుకు చేరింది? అప్పటి ల్యాప్‌టాప్ విప్పి చూస్తే తెలుస్తుంది. కీబోర్డు కింద మదర్‌బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాన్. చాలా మోడళ్లలో వెనక బ్యాటరీ. ఒక పక్క సీడీ లేదా డీవీడీ డ్రైవ్. ఇవన్నీ పోగా మిగిలేది ముందు మూలే. ప్రాసెసర్ వేడికి అది దూరం, అంచుకు దగ్గర, కాబట్టి విప్పడం తేలిక. ఒకవైపు మణికట్టు వెచ్చబడితే హార్డ్ డిస్క్ ఆ మూలన ఉందని మెకానిక్‌లు చేత్తోనే చెప్పేసేవారు.

1992లో వచ్చిన ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీలో డ్రైవ్‌ను తీసి పెట్టుకునే వీలుంది. తర్వాతి థింక్‌ప్యాడ్‌లలో అది ఒక్క స్క్రూ పని అయింది. యాపిల్ మాత్రం చాలాకాలం ఇందుకు విరుద్ధం. ఐబుక్‌లో డ్రైవ్ మార్చాలంటే యంత్రాన్ని దాదాపు ఎముకల దాకా విప్పాలి. అదే యాపిల్ 2006లో తెల్ల మ్యాక్‌బుక్ తెచ్చినప్పుడు బ్యాటరీ తీసి, మూడు స్క్రూలు వదులుచేసి, తెల్ల పట్టీ లాగితే డ్రైవ్ చేతికి వచ్చేలా చేసింది. వాడేవాడి చేతిని గౌరవించిన డిజైన్లలో ఇంత చక్కనిది నేను మరొకటి చూడలేదు.

తిరిగే డిస్క్‌కు ఆ గూడు ఒక ప్రమాదం కూడా తెచ్చిపెట్టింది. నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం మీద, తాకీ తాకనంత ఎత్తున చదివే సూది తేలుతుంటుంది. ల్యాప్‌టాప్ చేయి జారితే సూది పళ్లేన్ని గీరేస్తుంది. 2003లో ఐబీఎం తన థింక్‌ప్యాడ్‌లలో కదలికను కనిపెట్టే చిప్ పెట్టింది. యంత్రం పడుతోందని తెలియగానే, నేలను తాకేలోపే సూదిని పక్కకు తప్పిస్తుంది. 2005లో యాపిల్ కూడా అదే దారి పట్టింది.

ఆ కాలంలోనే కనెక్టర్ మారింది. పాత ఐడీఈ డ్రైవ్‌కు 44 సన్నని సూదులు రెండు వరసల్లో ఉండేవి, ఒకటి వంగినా కష్టమే. 2003లో ఖరారైన సాటా అనే కొత్త పద్ధతిలో సూదులు లేవు, చదునైన రెండు నాలుకలు: డేటాకు 7 పిన్నులు, కరెంటుకు 15. డబ్బా కొలత అదే, గూడు అదే. పాత ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ సరిగ్గా కూర్చుంటున్నా కనెక్టర్ కలవకపోవడానికి కారణం ఈ తరం మార్పే.

ఇక ఫ్లాష్. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో నాండ్ రకాన్ని లోకానికి పరిచయం చేశాడు. అవి చౌకై ల్యాప్‌టాప్ దాకా రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. వచ్చినప్పుడు ఎక్కడికి వచ్చాయి? మళ్లీ పాత గూట్లోకే. పళ్లెం లేదు, మోటారు లేదు, అయినా ఫ్లాష్ చిప్పులతో చేసిన డ్రైవ్‌కు, అంటే ఎస్‌ఎస్‌డీకి, అదే 69.85 మిల్లీమీటర్ల డబ్బా తొడిగారు. చాలా 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీలను విప్పి చూస్తే లోపల సగానికి పైగా గాలే. ఎందుకంటే కోట్ల ల్యాప్‌టాప్‌లలో ఆ కొలత ఖాళీ సిద్ధంగా ఉంది. నా దృష్టిలో ఇది వృథా కాదు. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌కు ఇవాళ కూడా ఎస్‌ఎస్‌డీ వేసి ప్రాణం పోయగలుగుతున్నామంటే ఆ ఖాళీ డబ్బా వల్లే. డీవీడీ వాడకం తగ్గాక దాని స్థలంలోకి క్యాడీ అనే చట్రంతో రెండో డ్రైవ్ చేరింది. అక్కడా మందం చూసుకోవాలి, 12.7 మిల్లీమీటర్లా 9.5 మిల్లీమీటర్లా అని.

సన్నబడాలన్న పోటీలో డబ్బాకు కాలం చెల్లింది. 2009లో ప్రకటించిన ఎంసాటా అనే కార్డు రకం ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు ఆకారాన్నే అరువు తీసుకుంది. 2011 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్220లో మొబైల్ డేటా కార్డు కోసం ఉంచిన స్లాట్‌లోనే అది పనిచేసేది. చిక్కల్లా, స్లాట్‌లో కార్డు పట్టినంత మాత్రాన పనిచేస్తుందన్న హామీ లేదు. బోర్డు మీద ఆ స్లాట్‌కు సాటా తీగలు వెళ్లాలి.

2013 ప్రాంతంలో వచ్చిన ఎం.2 స్లాట్ కార్డులకే పుట్టింది. డ్రైవ్‌కు మరొకరి ఖాళీ వెతుక్కోవలసిన అవసరం దీనితో తప్పింది. కార్డు మీది నాలుగంకెలే దాని కొలత: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2230, 2242 పొట్టివి. ఒక చివర స్లాట్‌లోకి వాలుగా దూరుతుంది, రెండో చివరన చిన్న స్క్రూ. అయితే ఎంసాటా నాటి చిక్కు ఇక్కడా వెంటవచ్చింది. సాటాతో మాట్లాడే ఎం.2 కార్డు, అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ పద్ధతిలో మాట్లాడే ఎం.2 కార్డు చూడటానికి కవలలు. మొదటిది సెకనుకు దాదాపు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, రెండోది మూడో తరం పీసీఐఈ మీదే 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. సాటా కార్డుల అంచుకు సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి సాధారణంగా ఒకటి. రెండు గాట్ల కార్డు ఎన్‌వీఎంఈ స్లాట్‌లో హాయిగా కూర్చుంటుంది, కానీ ఆ స్లాట్‌కు సాటా లేకపోతే ల్యాప్‌టాప్ దాన్ని గుర్తించదు. డ్రైవ్ చెడిందని పొరబడి వెనక్కిచ్చేవాళ్లూ ఉంటారు.

ఆ తర్వాత వచ్చిన మలుపు నాకు బాధ కలిగించేది. యాపిల్ 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో స్టోరేజీ చిప్పులను బోర్డుకే అతికించేసింది. మరుసటి ఏడు టచ్ బార్ మ్యాక్‌బుక్ ప్రోలోనూ అంతే. చౌక ల్యాప్‌టాప్‌లలో ఈఎంఎంసీ పేరుతో అదే పద్ధతి. ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నదనం, ఒక కనెక్టర్ ఖర్చు మిగిలిన మాట నిజమే. కానీ బోర్డు చెడితే డ్రైవ్ తీసి మరో యంత్రంలో పెట్టుకునే దారి పోయింది. పిల్లల ఫొటోలు, థీసిస్, దుకాణం లెక్కలు బోర్డుతో పాటే పోతాయి. జాగా నిండితే పెంచుకునే వీలు లేదు, యంత్రమే మార్చాలి. సన్నదనం కోసం ఇంత ధర చెల్లించాల్సిన పని లేదని మైక్రోసాఫ్టే 2019లో చూపింది: అతి సన్నని సర్ఫేస్ ప్రో ఎక్స్ వెనక చిన్న మూత పెట్టి, దాని కింద 2230 కార్డు ఉంచింది. 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ స్క్రూడ్రైవర్‌ను కూడా పెట్టెలోనే ఇచ్చింది. అదే ఏడాది ఫ్రాన్స్ ల్యాప్‌టాప్‌ల మీద, ఎంత తేలిగ్గా బాగుచేసుకోవచ్చో పదికి ఇన్ని మార్కులని రాయించడం మొదలుపెట్టింది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. మార్కుల పద్ధతి ఇక్కడికీ రావాలి, అందులో డ్రైవ్ మార్చుకునే వీలుకు పెద్ద పీట వేయాలి.

మీ ల్యాప్‌టాప్‌లో గూడు ఎక్కడుందో వెతకాలంటే స్క్రూడ్రైవర్ కన్నా ముందు అడుగున ఉన్న మోడల్ నంబరు చూడండి. డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి పెద్ద కంపెనీలు చాలా మోడళ్ల మెయింటెనెన్స్ మాన్యువల్‌ను తమ సైట్లలో ఉచితంగా ఉంచుతాయి. ఏ స్లాట్ ఏ రకమో, ఎంత పొడవు పడుతుందో అందులోనే ఉంటుంది. విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి, డేటా నకలు తీసుకోండి. చార్జర్ పీకి, యంత్రాన్ని పూర్తిగా ఆపి, మూత తీశాక మొదట బ్యాటరీ కనెక్టర్ విప్పండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎం.2తో పాటు ఖాళీ 2.5 అంగుళాల చట్రం కూడా ఉంటుంది, కానీ దానికి కావలసిన రిబ్బన్ కేబుల్ ఇవ్వరు, విడిగా కొనాలి.

కొత్తది కొనబోతుంటే ఇదే మాన్యువల్‌ను దుకాణానికి వెళ్లక ముందే చదవండి. డ్రైవ్ తీసే పేజీ అందులో లేకపోతే, ఆ ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టి తీసి పెట్టుకునే డ్రైవ్ ఉన్నదాన్నే అడగండి. అడిగేవాళ్లు ఎక్కువైతేనే కంపెనీలు ఆ స్లాట్‌ను ఉంచుతాయి.