పెండ్లి యీడు - ఆడపిల్ల ఆరోగ్యము

ఆడపిల్లకు ఏ యీడున పెండ్లి చేయవలెనను ప్రశ్నకు మనము చిరకాలము కులాచారమును, నలుగురి మాటను చూచి సమాధానము చెప్పుకొంటిమి. పిల్ల దేహమునకు ఆ పెండ్లి ఎంత బరువో విచారించినది తక్కువ. ఆ విచారణ మన పల్లెలకు ఎట్లు వచ్చినదో చూతము.

1929లో చేయబడిన శారదా శాసనము 1930 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చి, పెండ్లికూతురికి 14, పెండ్లికొడుకునకు 18 ఏండ్లు నిండవలెనని విధించినది. కాని అది బ్రిటిషు ఇండియాకే పరిమితము. కరీంనగరమునకు ఉత్తరముననున్న చొప్పదండి అప్పుడు నిజాము రాజ్యములోనిది. ఇచ్చట ఆ మాట ముందుగా సభలలో వినవచ్చినది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగినది. 1935లో కరీంనగరు జిల్లాలోని సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన మహాసభ కూడినది. బాల్యవివాహ నిరసనము, స్త్రీవిద్య ఈ ఉద్యమమున ముఖ్య విషయములు. అయినను తీర్మానమునకు చట్టపు బలము లేదు. శారదా శాసనము హైదరాబాదు రాష్ట్రమునకు 1951లో వర్తించినది. 1949లోనే 15కు పెరిగిన వధువు వయసు 1978లో 18 అయినది.

ఈ సంఖ్యల వెనుక ఆడపిల్ల ప్రాణమున్నది. లేత వయసున కటి యెముకలు పూర్తిగా ఎదుగవు. కాన్పు సాగక, ఆసుపత్రి దూరమైనచో, బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయమునకు రంధ్రము పడవచ్చును. అటుపిమ్మట మూత్రము నిలువదు. రక్తహీనత ఈ ఆపదను మరింత పెంచును. చిన్ననాటనే కాపురము, కాన్పులు మొదలైనవారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు భయమును హెచ్చు. భర్తకు సుఖవ్యాధి యున్నదేమోనని అడుగు ధైర్యము ఆ పిల్లకు ఎచ్చటిది? ఎయిడ్స్ వ్యాపించిన దినములలో భర్తను తప్ప అన్యునెరుగని ఇల్లాండ్రు పలువురు ఆ వ్యాధి పాలైరి.

పెండ్లి పేరైన లేని కీడు మరొకటి కలదు. తెలంగాణ పల్లెలలో నిరుపేద దళిత బాలికలను దేవత పేర జోగినులుగా విడిచి, ఊరివారి భోగమునకు అప్పగించిరి. 1988 నాటి చట్టము దానిని నేరముగా నిషేధించినది.

చట్టము ఊరి పొలిమేర దాటినను ప్రతి యింటి గడప దాటలేదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారము తెలంగాణలో 20-24 ఏండ్ల స్త్రీలలో దాదాపు నలుగురిలో ఒకరికి 18 నిండకమునుపే పెండ్లియైనది. పేదరికము, పై చదువుల బడి దూరము, పరువు పోవునను భయము దీనికి మూలములు. 2014లో ప్రారంభమైన కల్యాణలక్ష్మి పథకము 18 నిండిన వధువునకే సాయమని నియమము పెట్టినది. చొప్పదండిలోనే నవోదయ విద్యాలయము ఆడపిల్లలకును పండ్రెండవ తరగతి వరకు వసతితో చదువు చెప్పుచున్నది. బడిలో గడచిన ప్రతి యేడును పిల్ల దేహమునకు రక్షణయే.

తక్కిన పని మన యిండ్లలోనిది. ముట్టును గూర్చి, కాన్పును గూర్చి, వ్యాధులను గూర్చి తల్లి సిగ్గు విడిచి కూతురితో మాటలాడవలెను. సంబంధము కుదుర్చుకొనుటకు ముందు తండ్రి పిల్ల వయసును లెక్కింపవలెను, ఆమె మాటను వినవలెను.