ఊరు వేసిన లెక్క, దేశం రాసిన ప్రణాళిక

వానను పూర్తిగా నమ్ముకోలేని నేల మీద బతకడం తెలుగు రైతుకు కొత్త విద్య కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369లో వేయించిన శాసనం, చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను ఏకరువు పెట్టింది. చెరువుల బాగోగులు చూసేవారికి దశబంధం పేరిట మాన్యపు భూములుండేవి. తూము తెరిచి ఏ మడికి ఎంత నీరో పంచడానికి నీరుగంటి ఉండేవాడు. కరవును కాచుకునే ఏర్పాటులో రాజు బాధ్యత రాజుదే, ఊరి బాధ్యత ఊరిదే. ఇంగ్లీషువారి ఏలుబడిలో మాన్యాలు చెదిరి, చెరువు మీద ఊరి పట్టు సడలింది. రాయలసీమ వాసులు ధాత కరవుగా చెప్పుకునే 1876–78 నాటి మహాక్షామం లక్షల ప్రాణాలను బలిగొన్నప్పుడు, పుణే సార్వజనిక సభ బొంబాయి రాష్ట్రంలోని ఊళ్ల దుస్థితిని సేకరించి ప్రభుత్వం ముందు పెట్టింది. ఆ తర్వాత క్షామ కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది, దాని వెంట క్షామ నియమావళులు వచ్చాయి. పాలకుల లెక్క పక్కన పౌరులు తమ లెక్కను నిలబెట్టే సంప్రదాయానికి తొలి మెట్లలో అదొకటి.

1950లో ప్రణాళికా సంఘం ఏర్పడ్డాక దేశం చూపు భారీ ఆనకట్టల మీద నిలిచింది. తిండిగింజల కొరత తీర్చిన ఘనత ఆ దశకు దక్కుతుంది. కాలువ అందని మెట్ట ప్రాంతం మాత్రం కరవు సాయానికే పరిమితమైంది. ఆ ఖాళీలోనే స్వచ్ఛంద సంస్థలు వేళ్లూనుకున్నాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పారు. 1973లో హిమాలయ గ్రామాల ప్రజలు చెట్లను కౌగిలించుకుని చిప్కో ఉద్యమానికి ప్రాణం పోశారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, సేవాసంస్థలు సహాయంతో ఆగక ఇళ్లు, ఆశ్రయాలు కట్టే పనికి పూనుకున్నాయి. విపత్తు వచ్చాక ఆదుకోవడం చాలదు, రాకముందే సిద్ధపడాలన్న ఎరుక మన తీరంలో అలా బలపడింది.

1980లో అనిల్ అగర్వాల్ ఢిల్లీలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌ను స్థాపించారు. రెండేళ్లకే ఆ సంస్థ దేశ పర్యావరణ స్థితిపై పౌర నివేదికను వెలువరించింది. 1991లో ఆయన, సునీతా నారాయణ్ కలిసి, పేదవాడు బతకడానికి వదిలే పొగను, సంపన్నుడు విలాసానికి వదిలే పొగను ఒకే గాటన కట్టరాదని వాదించారు. ఆ న్యాయవాదన తర్వాతి కాలంలో అంతర్జాతీయ వేదికలపై భారత్ వాణికి బలమైంది. ఇటు జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు విత్తనాలను తమ ఇళ్లలోనే దాచి, జొన్న, కొర్ర, కంది కలిపి పండించి, తిండిగింజల నిధిని తామే నడిపారు. రాజస్థాన్‌లోని అల్వర్‌లో తరుణ్ భారత్ సంఘ్ అండతో గ్రామస్థులు కట్టిన జోహడ్లు, అంటే వాననీటి కుంటలు, అడుగంటిన నీటిని పైకి తెచ్చాయి. ఇలాంటి అనుభవాలకు అధికార ముద్ర వేసిన మలుపు 1994. కరీంనగర్ గడ్డన పుట్టిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు సారథ్యంలోని కమిటీ సిఫార్సులతో, 1995 నుంచి వాటర్‌షెడ్ పనుల్లో గ్రామ సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు నిర్వహణ బాధ్యత దక్కింది.

కొత్త శతాబ్దిలో ఊరి లెక్కకు శాస్త్రం తోడైంది. నంద్యాల కేంద్రంగా బర్డ్స్ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో నడిపిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరవు జిల్లాల్లో సాగింది. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం రాసిపెట్టారు, రబీకి ముందు కూర్చుని ఉన్న నీటికి తగిన పంటలేవో లెక్కవేశారు. ఏ పంట వేయాలన్న నిర్ణయం చివరికి ఎవరి పొలంలో వారిదే. అదే కాలంలో హక్కుల ఉద్యమాల ఒత్తిడితో ఉపాధి హామీ చట్టం వచ్చింది, ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. చెరువు పూడికతీత, నీటికుంటలు, మొక్కల పెంపకం కూలీల చేతుల మీదుగా సాగాయి. ఖర్చు లెక్కను ఊరి ముందు చదివే సామాజిక తనిఖీకి ఉమ్మడి రాష్ట్రం దేశానికి దారి చూపింది.

2008 జూన్ 30న కేంద్రం 8 మిషన్లతో వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. వాతావరణ మార్పుపై ప్రధాని మండలిలో సునీతా నారాయణ్ వంటివారున్నా, ముసాయిదాను ప్రజల ముందు పెట్టి చర్చించలేదని సంస్థలు తప్పుపట్టాయి. ఆ విమర్శలో పస ఉంది. 2010లో కాన్‌కున్ వాతావరణ సదస్సు, మారే వాతావరణాన్ని తట్టుకునే సర్దుబాటు ప్రణాళికలు ప్రజల భాగస్వామ్యంతో సాగాలని చెప్పింది. 2013లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ ప్రజారోగ్య పరిశోధకులతో, ఒక పర్యావరణ సంస్థతో కలిసి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికను సిద్ధం చేసింది. 2015 వేసవిలో వడగాడ్పులకు దేశంలో రెండు వేలకు పైగా ప్రాణాలు పోగా, అందులో అత్యధికం తెలుగు రాష్ట్రాలవే. మరుసటి ఏడాది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వడగాడ్పులపై దేశానికంతటికీ మార్గదర్శకాలిచ్చింది. జహీరాబాద్ మహిళలు పండించిన జొన్న, కొర్ర వంటి చిరుధాన్యాలకూ 2013 ఆహార భద్రత చట్టంలో చోటు దక్కింది, 2023ను ప్రపంచం చిరుధాన్యాల ఏడాదిగా జరుపుకుంది. వాటి కోసం జీవితకాలం పనిచేసిన డెక్కన్ సొసైటీ సారథి పి.వి. సతీశ్ అదే ఏడాది కన్నుమూశారు. ఊరు తన నీటి లెక్క తానే వేసుకునే పద్ధతి 2019లో 7 రాష్ట్రాలకు వచ్చిన అటల్ భూజల్ యోజనలో భాగమైంది. ఆ 7 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేకపోవడం ఒక చిత్రం.

ఇంత దూరం వచ్చి వెనుదిరిగి చూస్తే తేలేది ఒకటే. దేశం రాసుకున్న సర్దుబాటు ప్రణాళికల్లో గట్టిగా నిలిచినవి, అంతకుముందే ఏదో ఊరు చేసి చూపినవి. ఊరి పద్ధతిని ప్రభుత్వం తీసుకుంది, ఆ పద్ధతిని రూపొందించిన మనుషులకు మాత్రం ముసాయిదా రాసే చోట పీట వేయలేదు. ఇకపై వచ్చే జాతీయ ప్రణాళికకు గ్రామసభల తీర్మానాలు, మహిళా సంఘాల విత్తన అనుభవం, మత్స్యకారుల తీర జ్ఞానం అనుబంధాలుగా కాక పునాదులుగా ఉండాలి. సంప్రదింపు అన్నది పాలకుల దయ మీద కాక చట్టం మీద ఆధారపడిన నాడే, ఇన్ని తరాల పౌర కృషికి తగిన మన్నన దక్కినట్టు.