వేలికి వెల కట్టిన చట్టం



శాలిబండలో మా వీధి చివర రేకు డబ్బాలు చేసే కార్ఖానా ఒకటి ఉండేది. అక్కడ ప్రెస్సు మీద పనిచేసే కుర్రాడి చూపుడువేలు ఒకనాడు మొదలంటా తెగిపోయింది. సేటు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఖర్చులూ పెట్టుకున్నాడు. కాని చీటీలో మాత్రం "ఇంట్లో మెట్ల మీద పడ్డాడు" అని రాయించాడు. వారం తరువాత కాస్త డబ్బు చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. కుర్రాడి తల్లి మా ఇంటికొచ్చి "సేటు దయ వల్ల గట్టెక్కాం అమ్మా" అంది. నేనూ అవునన్నాను. అదీ నా తెలివి!

ఈ ప్రసంగం కోసం పాత చట్టాల సంగతి చదువుతుంటే నాకు సిగ్గేసింది. దెబ్బ తగిలితే యజమాని ఇవ్వవలసింది దయ కాదు, బాకీ అని 1923లోనే రాసి పెట్టారు. కార్మికుల నష్టపరిహార చట్టం అన్నారు దాన్ని. 1924 జూలై 1 నుంచి అమలైంది. తప్పు యజమానిదని నిరూపించక్కరలేదు, దెబ్బ పనిలో తగిలిందంటే చాలు. తాగి పనిచేయడం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

అందులో ఒక పట్టిక ఉంది. ఏ అవయవం పోతే సంపాదించే శక్తి నూటికి ఎంత తగ్గినట్టో లెక్క. మోచేతి పైన కుడిచేయి పోతే 70, ఎడమచేయి అయితే 60. ఎడమచేతి వాటం వాళ్ళు గుర్తుకే రాలేదు కాబోలు! బొటనవేలికి 25, చూపుడువేలికి 10, తక్కిన వేళ్ళకు ఒక్కొక్కదానికి 5. తరువాతి సవరణల్లో బొటనవేలు 30కి, చూపుడువేలు 14కి పెరిగాయి.

తాత్కాలికంగా పని ఆగిపోతే, మొదట్లో పది రోజులు దాటితేనే పరిహారం. 1933లో ఏడు రోజులు చేశారు, 1959లో మూడు. గాయం మానకుండానే "ఎన్నాళ్ళిలా కూర్చుంటారు?" అని మగవాళ్ళను పనికి తరిమేది మనమే కదా!

మన హైదరాబాదు అప్పట్లో నిజాం రాజ్యం. బ్రిటిషు ఇండియా చట్టం ఇక్కడ చెల్లేది కాదు. 1948లో యూనియన్‌లో కలిశాకే కేంద్ర చట్టాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఇ.ఎస్.ఐ. పథకం 1955లో వచ్చింది. ఆ కార్డున్న వాళ్ళకు డబ్బు యజమాని ఇవ్వడు, ఇ.ఎస్.ఐ. నుంచే వస్తుంది. ఇంట్లో కుంపటి ముందు కూర్చుని లాడ్‌బజారుకు లక్కగాజులు చేసిచ్చే ఆడవాళ్ళు మాత్రం 1923 నాటి పట్టికల్లో ఎక్కడా లేరు. రైళ్ళు, గనులు, ఫ్యాక్టరీల వంటివే కనిపించాయి ఆ పెద్దలకు.

ఇక ఆ వేలిముద్ర సంగతి. హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా ఆ కాగితం చెల్లదని మొదటి చట్టంలోనే ఉంది. ఇంత మొత్తానికి ఒప్పుకున్నామంటే దాన్ని కమిషనరు దగ్గర రిజిస్టరు చేయించాలని ఆ చట్టంలో ఉండేది. కనుక కుర్రాడికి ఆ కాగితం అడ్డు కాదు. అడ్డల్లా ఆసుపత్రి చీటీయే, ఆపైన గడువు. దావాకు మొదట ఆరు నెలలే గడువుండేది, తరువాత ఏడాది, 1962 సవరణతో రెండేళ్ళు అయింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి పాత చట్టాన్ని తనలో కలుపుకున్నా, రెండేళ్ళ గడువు అలాగే ఉంచింది.

ఇదంతా చెబుదామని ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. అప్పటికి మూడేళ్ళు దాటాయి. ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి, మడతలు పడ్డ చీటీ తీసి నా చేతికిచ్చింది. "ఏం రాశారో చదవండమ్మా" అంది.